ఉగాది గడ్డలకు మామ కాపలా

మా ఇంటి వెనక గోడ దాటితే బండి బాట, బాట దాటితే సోలారు కంపెనీ కంచె. కంచె లోపల కనుచూపు మేర ప్లేట్లే. ఊరి వాళ్ళకు అదంతా సోలార్ పార్కు. మాకు మాత్రం కంచెకు ఆనుకుని ఉన్న ముందు వరసలు మా శెనక్కాయ చేను. లీజుకిచ్చి ఏళ్ళయింది గానీ ఆ ముక్క గురించి మాట్లాడేటప్పుడు మా ఇంట్లో ఎవరి నోటా ‘సోలారు’ అనే మాట రాదు. మేక తాడు తెంపుకుంటే ‘చేని వైపు పోయింది’ అంటాం. ఆ చేన్లో ఇప్పుడు మేకకు ఏం దొరుకుతుందో మేకకే తెలియాలి.

చేను లీజుకు పోయాక మా మామకు పని లేకుండా పోయింది. పని లేని రైతు ఇంట్లో కూర్చుంటే ఆ ఇంటి కోడలికి ఎంత పని పెరుగుతుందో అనుభవించిన దాన్ని గనుక చెబుతున్నాను. పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయని వీధి అరుగు మీద నుంచే ఆయనకు తెలుస్తుంది, పక్కనే నిలబడిన నాకు తెలియదట. చీపురు ఎటు నుంచి ఎటు ఊడ్చాలో చెబుతాడు. పావగడ బస్సు ఆలస్యమైతే డ్రైవరును ఆపి మరీ అడుగుతాడు, తనకు ఎక్కాల్సిన పని లేకపోయినా. ఉన్న తాళ్ళన్నీ విప్పి మళ్ళీ పేనాడు. గడపారను రుద్ది రుద్ది మెరిపించి, తవ్వడానికి ఏమీ లేక మూలన నిలబెట్టాడు. నాకు ముక్కు మీద కోపం, ఆయనకు నోటి నిండా సలహాలు. మా ఆయన గూడ్స్ ఆటో నడుపుతాడు కాబట్టి పొద్దున్నే తప్పించుకునేవాడు. నేను అంగన్‌వాడికి పోయి పిల్లల అల్లరి మధ్య కూర్చుంటే గానీ నా ప్రాణానికి నెమ్మది ఉండేది కాదు.

అయినా ఆయనంటే నాకు ఇష్టం. కోడలిగా ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో నాకు వంట సరిగా రాదని ఎవరో అంటే, ‘మేము పనిమనిషిని తెచ్చుకోల్యా, బిడ్డను తెచ్చుకున్నాము’ అని ఒక్క మాటతో వాళ్ళ నోరు మూయించిన మనిషి. ఆ మాట నేను మరిచిపోలేదు. ఆ తర్వాత నా సాంబారుకు ఇన్నేళ్ళుగా వంకలు పెడుతూనే ఉన్నాడు, అది వేరే సంగతి.

నా పుట్టిల్లు నిడుగల్లులో, కోట ఉన్న కొండ కిందనే. మా ఇంట్లో నీళ్ళు పోసుకునే చోటి నుంచి బయటికి పారే నీళ్ళ పక్కన అమ్మ ఒక బారు గడ్డలు పెట్టుకుంది. చూడ్డానికి పెద్ద ఉల్లిగడ్డల్లా ఉంటాయి. నర్సరీవాళ్ళు వాటిని ఫుట్‌బాల్ లిల్లీ అంటారని నాకు పెళ్ళయ్యాక తెలిసింది. అమ్మ ఉగాది గడ్డ అనేది, మేమూ అదే అన్నాం. చలికాలమంతా అక్కడ ఏమీ కనిపించదు. ఆకులు పండి, రాలి, ఉత్త మట్టే మిగులుతుంది. కొత్తగా వచ్చిన వాళ్ళు ఎవరైనా అటు కాలు పెడితే అమ్మ లోపల నుంచే కేకేసేది, ‘ఆడ తొక్కొద్దండప్పా, గడ్డలు పండుకోనుండాయి’ అని. ఉగాది దాటి మొదటి వాన ఒకటి పడిందంటే, ఆ ఉత్త మట్టిలో నుంచి ఆకు కూడా లేకుండా ఒక కాడ నిలువునా లేచి, దాని తల మీద టెంకాయంత ఎర్రటి బంతి విచ్చుకునేది. చిన్న చిన్న ఎర్ర పువ్వులన్నీ సూదులు గుచ్చినట్టు చుట్టూ నిలబడి ఆ బంతి అవుతాయి. దానికి వాసన లేదు. తలలో పెట్టుకోవడానికి రాదు, దేవుడికీ పెట్టరు. అయినా అవి పూసిన వారం మా ఇంటికి ఆడవాళ్ళ రాకపోకలు ఎక్కువయ్యేవి, అమ్మ నడకలో కాస్త దర్జా వచ్చేది.

అమ్మ పోయిన ఏడాది తర్వాత మా తమ్ముడు పాత ఇల్లు తీసేసి కొత్తది కట్టడం మొదలుపెట్టాడు. వాడు చెడ్డవాడేం కాదు. ‘అక్కా, అమ్మ గడ్డలు తీసకపోతావా? రేపో ఎల్లుండో పెరడంతా కాంక్రీటు పోస్తాండారు’ అని ఫోన్ చేసి చెప్పాడు. చెప్పకుండా పోసేసినా నేను చేసేదేమీ ఉండేది కాదు. అంగన్‌వాడికి సెలవు పెట్టి గోనెసంచి తీసుకుని వెళ్ళాను. తవ్వుతుంటే తల్లిగడ్డ చుట్టూ పిల్లగడ్డలు అతుక్కుని గుత్తులుగా వచ్చాయి. వాటి రసం తగిలి మోచేతుల దాకా దురద. ఒక్కటి కూడా వదలకూడదని మట్టిని చేత్తో వెతికి వెతికి తీశాను. ఆ పెరట్లో ఇక మట్టి కూడా కనిపించదు కాబట్టి, అమ్మ చేత్తో పెట్టినవి ఈ భూమ్మీద ఆ సంచిలో తప్ప ఇంకెక్కడా లేవు. బస్సులో సంచిని కాళ్ళ దగ్గర పెట్టమని కండక్టర్ అన్నా ఒళ్ళోనే పెట్టుకుని వచ్చాను.

మామ సంచి విప్పి చూశాడు. తినడానికి పనికిరాని గడ్డలు మోసుకొచ్చానని ఎగతాళి చేస్తాడని నేను మాటకు మాట సిద్ధం చేసుకుని నిలబడ్డాను. ఆయన ఒక గడ్డను అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో మెడ దగ్గర నొక్కి చూసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

‘ఇది మీ అమ్మ పెట్టిందా?’

‘ఔను మామా. నేను పుట్టక ముందు నుంచీ ఉండాయి.’

‘విత్తనం బాగుండాది’ అన్నాడు. ఆయన నోట ఆ మాట శెనక్కాయకు తప్ప ఇంకే విత్తనానికీ నేను వినలేదు.

అంతే, ఆ క్షణం నుంచి గడ్డలు నా చేతిలో లేవు. మూలన మెరుస్తూ నిలబడిన గడపార బయటికి వచ్చింది. శివరాత్రికి ఇంకా కొన్ని రోజులున్నాయి, ఎండ ముదరలేదు. పెరట్లో, పాత్రలు తోమే నీళ్ళు పారే చోట ఒక మడి తవ్వాడు. మట్టిని రెండుసార్లు తిరగేశాడు, రాళ్ళు ఏరాడు, పేడ ఎరువు కలిపాడు. పరవాలేదు అనుకున్నాను. గడ్డలు పెట్టేటప్పుడు మాత్రం మా ఇద్దరికీ పెద్ద యుద్ధమే జరిగింది. ఆయనకు విత్తనమంటే లోపలికి పోయి మట్టి కప్పుకోవాలి. అమ్మ మాత్రం గడ్డ మెడ బయటికి కనిపించేలా పెట్టేది.

‘గొంతు దాకా పూడ్చొద్దు మామా. తల బయటుండల్ల.’

‘తల బయటుంటే కొక్కు జుట్టు పట్టుకోని లాక్కోని పోతాది.’

‘మా అమ్మ అట్లనే పెట్టింది.’

‘మీ అమ్మ కాలానికి కొక్కులు సేన్లలో ఉండినాయి. ఇప్పుడు యాడుండాయో నీకు తెల్దా?’

తెలియకపోవడమేం? మా పెరట్లోనే ఉన్నాయి. చుట్టూ చేలున్నంత కాలం పందికొక్కులకు శెనక్కాయకు కొదవ లేదు. ప్లేట్లు వచ్చాక ఆ తిండి పోయింది, అవన్నీ ఊరి మీద పడ్డాయి. ఇంటి పునాదుల కింద బొక్కలు, పెరట్లో బొక్కలు. నేను పెట్టిన చిలకడదుంపల్ని తీగ మాత్రం మిగిల్చి కింద నుంచి ఖాళీ చేసి పోయాయి. పసుపు కొమ్ముల్ని కూడా వదల్లేదు. అందుకే ఈ గడ్డల విషయంలో నాకూ భయంగానే ఉంది. చివరికి రాజీకి వచ్చాం. మెడ బయటికే ఉంటుంది, కాపలా మామది.

‘నీ పుట్టింటి సొమ్ము నేను కాస్తా పోమ్మా’ అన్నాడు. సరే, కాయనీ అనుకున్నాను. కాయడానికి ఆయనకు ఏదో ఒకటి కావాలి, నాకు గడ్డలు నిలవాలి.

ఆయన కాపలా మామూలుగా లేదు. మడి చుట్టూ తుమ్మ కంప నాటాడు. పావగడ నుంచి వేప పిండి తెచ్చి అంచుల్లో చల్లాడు. పగిలిన గాజులు, సీసా పెంకులు మట్టిలో గుచ్చాడు. పొద్దున లేవగానే మొహం కడుక్కోక ముందే మడి దగ్గరికి పోయి వచ్చేవాడు. నా చీపురు సంగతి, పాల సంగతి మరిచిపోయాడు. బస్సు డ్రైవరు కూడా ఊపిరి పీల్చుకుని ఉంటాడు. మా ఇంట్లో అంత ప్రశాంతంగా గడిచి చాలా కాలమైంది.

ఒకరోజు నేను అంగన్‌వాడి నుంచి వచ్చేసరికి మడి మీద మందంగా శెనక్కాయ పొట్టు పరిచి ఉంది. కాయలు ఒలిచే మిషన్ దగ్గరికి పోయి మూట కట్టించుకుని వచ్చాడట. పొట్టును చేత్తో చదును చేసి, గడ్డల మెడల చుట్టూ మాత్రం కాస్త ఖాళీ వదిలి, చూడ్డానికి ముచ్చటగా పరిచాడు.

‘ఎండకు మట్టి కాగదు, తేమ నిలుస్తాది. సేన్లో మేము ఎన్ని చెట్లకు ఏసినామో’ అన్నాడు.

నాకు సంతోషమైంది. బాగుంది మామా అన్నాను. పక్కింటి వాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు. ఎదురింటి ఆమె తన మల్లె చెట్టుకు మిగిలిన పొట్టు అడిగి తీసుకుపోయింది. మేమంతా పుట్టింది మొదలు శెనక్కాయల మధ్య బతికిన వాళ్ళం. పొట్టులో పడుకున్నాం, పొట్టుతో పొయ్యి వెలిగించాం, పొట్టు దులుపుకుని బడికి పోయాం. ఆ వాసన మాకు వాసనే కాదు, మా ఇంటి గాలి. అందుకే ఒక్కరికి, వీధి మొత్తం మీద ఒక్కరికి కూడా తట్టలేదు, తిండి లేక అల్లాడుతున్న కొక్కులకు ఆ వాసన ఏం చెబుతుందో.

మర్నాడు పొద్దున మామ పిలిచిన పిలుపుకే నాకు అర్థమైంది. ఎప్పుడూ ‘ఏమ్మా’ అని పిలిచే మనిషి ఆ రోజు మాట లేకుండా ఊరికే దగ్గాడు. వెళ్ళి చూస్తే మడి మడిలా లేదు. కుక్కలు పోట్లాడుకున్నట్టు పొట్టంతా చెదిరిపోయింది. కంప అలాగే ఉంది, గాజు పెంకులు అలాగే ఉన్నాయి. వాటి కింద నుంచి, పక్క నుంచి, ఇష్టమొచ్చిన చోట నుంచి గుంతలు. ఒక మూలన రెండు గడ్డలు మాత్రం కదలకుండా ఉన్నాయి. మిగతా చోటంతా బోసిపోయి ఉంది.

మామ కింద కూర్చుని గుప్పెడు పొట్టు తీశాడు. వేళ్ళతో కదిపాడు. అందులో ఒలవకుండా మిగిలిపోయిన కాయలు, మిషన్లో నలిగిన పప్పు బద్దలు ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

‘నేనే పిల్చి పెట్టినా వాటికి’ అన్నాడు. ‘ఆకేసి వడ్డించినా.’

నాకు ఒళ్ళు మండిపోయింది. ముసలాయన కదా, పోనీలే అనిపించలేదు. జీవితమంతా కొక్కుల నుంచి శెనక్కాయను కాపాడుకున్న మనిషి, ఆ కొక్కులకు శెనక్కాయ వాసన చూపించి మా అమ్మ గడ్డల మీదికి పిలిచాడు. నోటితో ఏమీ అనకుండా ఉండటానికి గిన్నెలు ఎత్తి పెట్టాల్సిన చోట పడేశాను. ఆ చప్పుడు ఆయనకు వినిపించాలనే పడేశాను. కళ్ళలో నీళ్ళు ఆగలేదు. అమ్మ పోయినప్పుడు అందరూ ఉన్నారు, ఏడవడానికి చోటుంది. గడ్డలు పోయాయని ఎవరి దగ్గర ఏడవను?

కాసేపటికి గోడ అవతల నుంచి ఆయన గొంతు వినిపించింది. ‘అమ్మా, ఈడికి రా. తినల్యా, తినల్యా!’

వెళ్ళాను. బండి బాట మీద, కంచెకు ఇవతల, ఒక గడ్డ పడి ఉంది. ఒక పక్కన పంటి గాట్లు. కొరికిన ముక్క అక్కడే ఉమ్మేసి ఉంది.

‘చూడు. చేదుకు నోరు పెట్టలేకపోయినాది. కొక్కు ఊరికే తింటాదనుకోవద్దు, మోస్తాది. మోసి గాదెలో పెట్టుకుంటాది. నీ గడ్డలన్నీ యాడ ఉండాయంటే, అదిగో.’

ఆయన చూపించిన వైపు చూశాను. కంచె కింద, లోపలి వైపు, కొత్త మట్టి కుప్పగా పోసి ఉన్న బొక్క. దారి పొడుగునా అక్కడక్కడా శెనక్కాయ పొట్టు రాలి ఉంది.

కొక్కు గాదెలు తవ్వడం మా వైపు అందరికీ తెలిసిన పనే. శెనక్కాయ పీకిన తర్వాత, చేను ఖాళీ అయ్యాక, గడపార పట్టుకుని కొక్కు బొక్కలు వెతికేవాళ్ళు. తవ్వితే కొక్కు దాచుకున్న కాయ మూటల కొద్దీ బయటపడేది. ఎక్కడ పడితే అక్కడ తవ్వితే దొరకదు. మట్టి పోసిన చోటు వాకిలి మాత్రమే, గాదె పక్కకు తిరిగి ఉంటుంది. మామ మడమతో నేలను తట్టి, అడుగున బోలుగా ఉన్న చోటు చెప్పేవాడని, ఆయన చెప్పిన చోట తవ్వితే తప్పేది కాదని మా ఆయన ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు. ఆ రోజు ఆయన ముఖంలో ఆ పాత హుషారు వచ్చింది. ‘మధ్యాహ్నానికల్లా నీ గడ్డలు నీ మడిలో ఉంటాయి’ అంటూ ఇంట్లోకి పోయి గడపార తెచ్చాడు.

కంచె లోపల కాపలా ఉండే అతను మంగళవాడ ఊరి మనిషి. మేము అతనికి తెలుసు. గోడ మీద నుంచి అప్పుడప్పుడూ మజ్జిగ అడిగి తాగేవాడు. మామ చెప్పిందంతా వినగానే అతని ముఖం మాడిపోయింది.

‘తాతా, లోపల తవ్వేకి లేదు. కింద కేబుళ్ళుండాయి.’

‘కేబులు యాడ పోయిందో నాకు తెల్సప్పా. పూడ్సేటప్పుడు నేను నిలబడి చూసినా. ఈ పక్కకు రాల్యా అది.’

‘తెల్సినా కూడదు తాతా. పైవాళ్ళు చూస్తే నా పని పోతాది.’

‘ఒక్క మూరెడు లోతు. గాదె ఈ పక్కకే తిరిగుంటాది. మళ్ళీ నేనే పూడ్సి, చదును జేసి పోతా. నీకు గుర్తు గూడా తెల్దు.’

‘అక్కా, మీరన్నా చెప్పండి’ అని అతను నా వైపు తిరిగాడు.

మామ ఒక చేత్తో గడపార పట్టుకుని, ఇంకో చేత్తో కంచె వైరు పట్టుకుని నిలబడ్డాడు. ఆ బొక్క ఉన్న చోటు ఆయన చేనే. ఆ నేలలో ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ మట్టి మెత్తనో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అందులో ఒక మూరెడు తవ్వుకోనివ్వమని, మనవడి వయసు మనిషిని బతిమాలుతున్నాడు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఏడుపొచ్చింది. గడ్డల కోసం కొంత, ఆయన కోసం ఎక్కువ.

‘రాండి మామా, పోదాం’ అన్నాను.

ఆయన వైరు వదిలి, ‘నీ పని పోగొట్టుకోవద్దులేప్పా’ అని అతనితో అని, గడపార భుజాన వేసుకున్నాడు. కొరికిన గడ్డను మాత్రం జేబులో వేసుకుని తెచ్చాడు.

ఆ ఏడాది ఆయన ఆ మూడు గడ్డలకు చేసిన సేవ చూస్తే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. కోళ్ళ గూటికి వాడే ఇనుప తీగ జాలి తెచ్చి బుట్టల్లా వంచి, ఒక్కో గడ్డను ఒక్కో బుట్టలో పెట్టి, బుట్టతో సహా పూడ్చాడు. కొక్కు ఏ వైపు నుంచి వచ్చినా మూతికి ఇనుమే తగలాలి. మెడ బయటికే ఉంచాడు, నేను చెప్పకుండానే. పొట్టు గింజంత కూడా పెరట్లోకి రానివ్వలేదు. ఎదురింటి ఆమె మల్లె కింద నుంచి కూడా పొట్టంతా ఎత్తించి తగలబెట్టించాడు. ఇచ్చింది మళ్ళీ లాక్కునే మనిషిని ఈయన్నే చూశానని ఆమె నా దగ్గర గొణుక్కుంది. ఎరువుగా ఆముదపు పిండి వేశాడు, అది చాలదని మళ్ళీ వేశాడు. నేను వద్దంటే వినలేదు. నా మీద సలహాలు మాత్రం తగ్గిపోయాయి. సాంబారులో ఉప్పు ఎక్కువైనా మాట్లాడకుండా తినేవాడు. దానికి నాకు ఇంకా కష్టంగా ఉండేది. ‘ఏం మామా, ఉప్పు ఎక్కువైందా?’ అని నేనే అడిగేదాన్ని. ‘బాగుండాది’ అనేవాడు. ఇన్నేళ్ళలో ఆయన నా సాంబారును బాగుందన్నది ఆ ఏడాదే, అది నాకు అక్కర్లేదు.

కొరికిన గడ్డ వానలకు కుళ్ళిపోయింది. మిగిలిన రెండూ, చోటు మారినందుకేమో, ఆ ఏడు పూయకుండా ఆకులు మాత్రం వేశాయి, వెడల్పుగా, పచ్చగా, అంత బలిసిన ఆకులు అమ్మ పెరట్లో కూడా నేను చూడలేదు. చలికి ఆకులు పండి రాలాయి. శివరాత్రి పోయింది, ఉగాది వచ్చింది. ఉగాది దాటిన వారంలోనే ఒక మంచి వాన పడింది. మామ మడి దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. ఆకులు పొడుచుకొచ్చాయి. ఆకులే. ఎన్ని రోజులు చూసినా కాడ లేవలేదు. ఎరువు ఎక్కువై ఆకుకు పోయిందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు, ఇద్దరమూ పైకి అనలేదు.

‘వచ్చే ఏడు పూస్తాయిలే మామా’ అన్నాను.

‘వచ్చే ఏడుకు నేనుండల్ల గదా’ అన్నాడు. మామూలుగా ఇలాంటి మాట అంటే నేను కసురుతాను. ఆ రోజు కసరబుద్ధి కాలేదు.

ఇంకో వాన పడిన తర్వాత, ఒక పొద్దున కాపలా అతను గోడ మీద నుంచి పిలిచాడు. ‘తాతా! అక్కా! బిన్నా రాండి ఈడికి, తొందరగా.’

మజ్జిగ కోసమేమో అనుకుని చెంబుతో వెళ్ళాను. మామ వెనకాలే వచ్చాడు. అతను నవ్వుతూ ప్లేట్ల వైపు చెయ్యి చూపించాడు. మొదటి వరస ప్లేట్ల అంచు కింద, వాటిని కడిగిన నీళ్ళు కారి తడిగా ఉండే చోట, ఎర్రగా ఉంది. ఒకటి కాదు. ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ, గుంపుగా, పెద్దవి, చిన్నవి, ఇంకా విచ్చీ విచ్చనివి. అమ్మ పెరట్లో బారుగా ఉండేవి, ఇక్కడ ఒకే చోట ఇరుక్కుని లేచాయి. పైన ప్లేట్ల నీడ, కింద నీళ్ళ తడి, ఇంకేం కావాలి వాటికి? కంచె పట్టుకుని నిలబడ్డాను.

‘పోయినేడు మీరు పోయినాక ఆ బొక్క నేనే పూడ్సినా’ అన్నాడు అతను. ‘కంచె స్తంభం కదుల్తాదని. మొన్న గడ్డి కోసేవాళ్ళు వస్తే మట్టిలోంచి ఎర్రగా మొగ్గలు తల పెట్టినాయి. తాత గడ్డలివే అని తెలిసిపోయింది. ఈ పక్కకు మిషన్ రానీయల్యా అక్కా నేను.’

మామ పువ్వుల్ని కాదు, వాటి చుట్టూ నేలను చూస్తున్నాడు. గాదె ఎక్కడుందని ఆ రోజు చెప్పాడో సరిగ్గా అక్కడే లేచాయి.

‘ఇంత లోతు నుంచి పైకొచ్చినాయి’ అన్నాడు చివరికి.

‘తాతా, పూత అయిపోనీ. ఎవరూ లేనప్పుడు నేనే నెమ్మదిగా పెరికి గోడ మీద పెట్టేస్తా’ అన్నాడు అతను. ‘కేబుళ్ళకు తగలకుండా తీస్తాలే.’

మామ నా వైపు తిరిగాడు. ‘నీవియమ్మా. మీ అమ్మ గడ్డలు. ఏం చేయల్లో నువ్వు చెప్పు.’

నాకు ఇంటికి తెచ్చుకోవాలనే ఉంది. అబద్ధం ఎందుకు, ఆ క్షణం కంచె దూకి అన్నీ ఒడిలో కట్టుకుని రావాలనే ఉంది. అమ్మవి అవి. కానీ మామ ఆ నేలను చూస్తున్న చూపు నేను చూశాను. ప్లేట్లు వేసినప్పటి నుంచి ఆ నేలలో ఆయన కోసం ఏదీ మొలవలేదు. ఇప్పుడు మొలిచింది. దాన్ని పీకమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

‘పంట మీ సేన్లో వచ్చింది మామా. ఉండనీండి’ అన్నాను.

మామ పంచె కొంగుతో ముఖం తుడుచుకుని, కంచె దగ్గరికి జరిగి, కాపలా అతన్ని వేలితో దగ్గరికి పిలిచాడు. ఆ గొంతు నాకు తెలుసు. కూలీలకు సాలు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గొంతు. చాలా ఏళ్ళయింది ఆ గొంతు విని.

‘ఇట్లా రాప్పా, విను. పూత పోయినాక ఆకు వస్తాది. ఆకును కోయనీయొద్దు, గడ్డకు బలం దాంట్లోంచే పోయేది. దసరా దాటినాక ప్లేట్లు కడిగేటప్పుడు ఈ మూలకు నీళ్ళు తగ్గించమను. గడ్డ పండుకోవల్ల.’

అతను తల గోక్కున్నాడు. ‘నీళ్ళ సంగతి నా చేతిలో ల్యా తాతా. కడిగేవాళ్ళు వేరే. ఎవరు చెప్పినారని అడుగుతారు నన్ను.’

‘సేను గలాయన చెప్పినాడని చెప్పు’ అన్నాడు మామ.